ఇంగ్లీషు తోక ప్రశ్నలకు మన ‘అవును’ చాలునా?

ఇంగ్లీషు వ్యాకరణంలోని ‘క్వశ్చన్ ట్యాగ్’ అనే ప్రకరణం మన విద్యార్థులకు చిరపరిచితమైనదే. పరీక్షాపత్రంలో ఒక వాక్యం ఇచ్చి దానికి ట్యాగ్ చేర్చుమంటారు. ‘హీ ఈజ్ ఎ డాక్టర్’ అని ఉంటే ‘ఈజంట్ హీ?’ అని వ్రాసి, ఆ మార్కు కాస్తా సంపాదించి, పుస్తకం మూసివేయడం మనకు పరిపాటి. వాక్యం అనుకూలార్థకమైతే తోక వ్యతిరేకార్థకం, వాక్యం వ్యతిరేకార్థకమైతే తోక అనుకూలార్థకం అనే ఒక్క సూత్రం కంఠస్థమైతే చాలునని ఉపాధ్యాయులూ, విద్యార్థులూ కూడ తృప్తిపడుతున్నారు. అయితే ఆ ప్రశ్న మనలను ఎవరైనా అడిగినపుడు ఏమని బదులు చెప్పవలెనో మన పరీక్షలు అడగవు. తోకను అతికించడం నేర్చిన విద్యార్థి, ఎదుటివాడు ఆ తోక ఝాడించినపుడు మాత్రం నిలువునా తడబడుతున్నాడు. ఆ తడబాటు ఒక మార్కుతో తీరిపోయేదే అయితే ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు.

మన కొల్లేటి లంకగ్రామాల సంగతే తీసుకొందాము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు తెచ్చిపోసే నీరంతా సరస్సులో చేరవలసిందే. అక్కడినుండి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. గట్టి వాన పట్టినపుడు నీరు గట్టు దాటిందా, లేదా అన్న ప్రశ్నకు మించిన ప్రశ్న లంకవాసికి మరొకటి ఉండదు. అట్టి రాత్రి తెలుగు ఎరుగని అధికారి ఒకరు ఫోనులో ‘ద వాటర్ హ్యాజంట్ క్రాస్డ్ ద బండ్, హ్యాజ్ ఇట్?’ అని అడిగారనుకొందాము. గట్టు మీద నిలిచి ఉన్నది మన కళాశాలలో చదివిన యువకుడే అనుకొందాము. నీరు ఇంకా దాటలేదు. అధికారి అన్న మాట నిజమే గనుక అతడు ‘యస్ సార్’ అంటాడు. ఇంగ్లీషులో దాని అర్థం నీరు గట్టు దాటిందని! అర్ధరాత్రి పడవలు బయలుదేరుతాయి, ముసలివారిని, పసిపిల్లలను నిద్ర లేపుతారు, తెల్లవారిన తరువాత అందరూ అతనిని తిడతారు. ఇది ఇబ్బందే గాని ఆపద కాదు. దీనికి తలక్రిందుల పరిస్థితి చూడండి. నీరు నిజంగానే దాటింది. ‘మీరనుకొన్నట్లు కాదండీ’ అనే భావంతో అతడు ‘నో సార్’ అన్నాడు. అధికారి నిశ్చింతగా ఫోను పెట్టివేస్తాడు. ఆ తరువాత జరిగేది వర్ణించనక్కరలేదు.

ఈ యువకునికి ఇంగ్లీషు రాదనడం అన్యాయం. తన మాతృభాష నియమాన్ని అతడు అక్షరాలా పాటించాడు. మన ‘అవును’ అనే మాట ‘అగు’ ధాతువు నుండి పుట్టినది. మీరు చెప్పినది అట్లే అగును అని దాని భావం. కాబట్టి ‘నీవు నిన్న రాలేదు కదా?’ అని అడిగితే, రానివాడు ‘అవునండీ, రాలేదు’ అంటాడు. అతని ‘అవును’ అడిగినవారి మాటకు ఆమోదముద్ర. ఇంగ్లీషువారి ‘యస్’ అడిగినవారి మొగం చూడదు, తన వెనుక రాబోయే క్రియను చూస్తుంది. పని జరిగితే ‘యస్’, జరగకపోతే ‘నో’. అడిగినవారు ఏ రీతిగా అడిగినా సరే. ‘యూ డిడంట్ కమ్ యెస్టర్డే, డిడ్ యూ?’ అన్నా, ‘యూ కేమ్ యెస్టర్డే, డిడంట్ యూ?’ అన్నా, రానివాడు చెప్పవలసినది ‘నో, ఐ డిడంట్’ అనియే. ఈ ప్రకరణానికంతటికీ ప్రాణం ఈ భేదంలో ఉండగా, మనం ప్రాణం విడిచి తోక పట్టుకొన్నాము.

తెలుగులో ‘లేదు’ సంగతి మరింత విచిత్రం. ‘నీవు రాలేదు కదా?’ అంటే ‘లేదు, రాలేదు’ అనీ అంటాము, ‘లేదు లేదు, వచ్చాను’ అనీ అంటాము. ఒకే మాట రెండు వైపులా సాగుతున్నది. అయినా మన సంభాషణలలో ఎవరికీ సందేహం కలుగదు. కారణమేమనగా, ఆ మాట వెంటనే క్రియను కూడ పలుకుతాము. అసలు ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అనీ, ‘తిన్నావా?’ అంటే ‘తిన్నాను’ అనీ, ఔను కాదులతో పని లేకుండా క్రియతోనే బదులివ్వడం మన భాషకు సహజం. పాఠకులు ఈ అలవాటును గుర్తుంచుకొనవలెను. దీనితో తరువాత పని ఉన్నది.

ఉర్దూ మాట్లాడే విద్యార్థులు ఈ విషయంలో రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవారు. ‘ఆప్ కల్ నహీఁ ఆయే నా?’ అనే ప్రశ్నకు ‘జీ హాఁ, నహీఁ ఆయా’ అనే సమాధానమూ వింటాము, ‘జీ నహీఁ, నహీఁ ఆయా’ అనే సమాధానమూ వింటాము. మొదటిది తెలుగు దారి, రెండవది ఇంగ్లీషు దారి. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలో తెలుగువారి సాంగత్యం వలన మొదటి దారే ఎక్కువగా నడుస్తున్నదని నా పరిశీలన. ఇక మన గోదావరి సీమలో పుట్టిన ‘ఆయ్’ ఉన్నదే, అది ఈ తగవులో ఎవరి పక్షమూ వహించదు. ‘ఆయ్, వచ్చానండి’, ‘ఆయ్, రాలేదండి’ అని రెండు చోట్లా ఒకే వినయంతో ఒదిగిపోతుంది. ‘తమరి మాట విన్నాను’ అనడమే దాని పని. దానిని ‘యస్’ అని తర్జుమా చేసినవాడు చిక్కులో పడక తప్పదు.

ఇంగ్లీషు పద్ధతే సహజమైనదనీ, మనది వక్రమార్గమనీ భావించేవారు కొందరున్నారు. వారు ఆ భాష పూర్వచరిత్రను గమనించవలెను. ఒకప్పుడు ఇంగ్లీషులో ఈ పనికి నాలుగు మాటలుండేవి. మామూలు ప్రశ్నకు ‘యే’, ‘నే’ అని బదులు చెప్పేవారు. వ్యతిరేకార్థకంగా అడిగిన ప్రశ్నకు ‘యస్’, ‘నో’ అనేవారు. అంటే ‘నీవు రాలేదా?’ అన్నపుడు ‘రాకేమి, వచ్చాను’ అని ఖండించడానికి పుట్టిన మాట ‘యస్’ అన్నమాట! 1532లో సర్ థామస్ మోర్ మహాశయుడు, బైబిలును అనువదించిన విలియం టిండేలు ‘నే’ అనవలసిన చోట ‘నో’ అన్నాడని గట్టిగా ఆక్షేపించాడు. తమాషా ఏమిటంటే ఆ నియమాన్ని వివరించే సందర్భంలో మోర్ తానే ఒకచోట దానిని తారుమారుగా వ్రాశాడు. అంతటి పండితునికే అట్లా జరిగినపుడు మన ప్రథమ సంవత్సర విద్యార్థిని బల్ల ఎక్కించడం ఏమి న్యాయం? కాలక్రమంలో ‘యే’, ‘నే’ వాడుక తప్పిపోయి, మిగిలిన రెండు మాటల మీద నాలుగు మాటల బరువు పడినది. ఫ్రెంచివారు ఖండనకు ‘సి’ అనే ప్రత్యేక పదాన్ని, జర్మనులు ‘డోఖ్’ అనే పదాన్ని నేటికీ నిలుపుకొన్నారు. జపానువారి ‘హాయ్’ మాత్రం అచ్చంగా మన ‘అవును’ వలెనే అడిగినవారి మాటకు ఆమోదం తెలుపుతుంది.

అరబ్బీ భాషలో ఈ భేదం ఎంత ముఖ్యమైనదో మన కళాశాలలో వేరుగా చెప్పనక్కరలేదు. పవిత్ర ఖురానులో అల్ ఆరాఫ్ అనే సూరాలో 172వ ఆయతు, సృష్టికర్త ఆదము సంతతిని తన ప్రభుత్వాన్ని గూర్చి ప్రశ్నించిన ఘట్టాన్ని తెలుపుతున్నది. ఉర్దూ కవులు ‘రోజె అలస్త్’ అని స్మరించే దినం అదే. అక్కడ ప్రశ్న వ్యతిరేక రూపంలో ఉన్నది. ఆత్మలు ఇచ్చిన సమాధానం ‘బలా’ అనే పదం. మామూలు అంగీకారానికి వాడే ‘నఅమ్’ అని ఉన్నట్లయితే, అది నిరాకరణను అంగీకరించినట్లై, విశ్వాసానికే భంగం కలిగేదని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ గారి మాటగా వ్యాఖ్యాతలు చెబుతారు. ఒక్క ‘ఔను’ ఏ ‘ఔనో’ తెలియకపోతే ఎంత దూరం పోతుందో దీనికన్న గొప్ప నిదర్శనం నాకు కనబడలేదు. చిన్ననాటి నుండి ఈ భేదం విని పెరిగిన విద్యార్థికి ఇంగ్లీషు తరగతిలో దానినే గుర్తు చేసే ఉపాధ్యాయుడు ఉంటే, పని సగం జరిగినట్లే. తెలుగు విద్యార్థికి కూడ ఆధారం లేకపోలేదు. ‘నీకు ఈత రాదు కదా?’ అంటే కొల్లేటి పిల్లవాడు ‘రాకేం!’ అంటాడు. ‘తెలియదు కదా?’ అంటే ‘తెలియకేం!’ అంటాడు. ఈ ‘రాకేం’, ‘తెలియకేం’ అరబ్బీ ‘బలా’కు, ఫ్రెంచి ‘సి’కి తోబుట్టువులు. ఉర్దూలో ‘క్యోఁ నహీఁ!’ కూడ ఆ కుటుంబంలోనిదే. ఇంగ్లీషులో ఆ స్థానంలో ‘యస్, ఐ డూ’, ‘యస్, ఐ కెన్’ అని గట్టిగా పలుకవలెను.

‘ఈజంట్ ఇట్’ను గూర్చి కూడ రెండు మాటలు చెప్పవలసి ఉన్నది. ‘యూ ఆర్ కమింగ్ టుమారో, ఈజంట్ ఇట్?’ అని మన విద్యార్థి అనగానే నవ్వడం తరగతిలో ఒక వేడుకగా మారినది. కాని ‘కదా’ అనే మాట ‘కాదా’ నుండి వచ్చినదే గదా! దానిని ఇంగ్లీషులోనికి మార్చితే ‘ఈజంట్ ఇట్’ తప్ప మరేమి వస్తుంది? ఉర్దూలో ‘హై నా’ కూడ అన్ని వాక్యాలకూ, అన్ని కాలాలకూ, అందరు కర్తలకూ మారని తోక. రెండు భాషల నుండి ఒకే చోటికి వచ్చిన పిల్లలు ఒకే మాట అనడంలో ఆశ్చర్యం ఏమున్నది? లండను వీధులలో ఇంగ్లీషు యువకులే దానిని ‘ఇన్నిట్’ అని కుదించి ప్రతి వాక్యం చివరా తగిలిస్తున్నారు; వేల్సు దేశీయుల ఇంగ్లీషులో కూడ అది చిరకాలంగా ఉన్నది. కాబట్టి అపహాస్యం అనవసరం. పరీక్షలోను, ఉద్యోగపు ఇంటర్వ్యూలోను ‘ఆరంట్ యూ’ అనవలసినదే, అందులో సందేహం లేదు. అయితే ఒక సంగతి గమనించండి. ‘ఈజంట్ ఇట్’ అన్నందువలన వినేవానికి అర్థం మారదు, నవ్వు మాత్రమే వస్తుంది. సమాధానంలో ‘యస్’ తప్పితే నవ్వు రాదు, అర్థం తలక్రిందులవుతుంది. మనం మాత్రం మొదటిదాని మీద అక్కసు తీర్చుకొని రెండవదానిని చూచీచూడనట్లు వదిలివేస్తున్నాము.

తోకలు అతికించే నియమాలలో కొన్ని మెలికలు లేకపోలేదు. ‘నెవర్’, ‘హార్డ్‌లీ’, ‘నోబడీ’ వంటి మాటలుంటే వాక్యం వ్యతిరేకార్థకమైనట్లే లెక్క. ‘ఐ యామ్’ తరువాత ‘ఆరంట్ ఐ’ అని వస్తుంది. ‘లెట్ అజ్’ తరువాత ‘షల్ వీ’. ఇవి ఏ వ్యాకరణ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పుస్తకంలో దొరకనిది స్వరం. తోక చివర స్వరం దిగినచో అడిగినవాడు తనకు తెలిసినదానికి ఆమోదం కోరుతున్నాడని, లేచినచో నిజంగానే సందేహిస్తున్నాడని గ్రహించవలెను. ఇది చెవితో నేర్వవలసిన విద్య.

న్యాయస్థానాల సంగతి చూస్తే విషయం మరింత స్పష్టమవుతుంది. సమాధానాన్ని సూచించే ప్రశ్నను న్యాయశాస్త్రంలో ‘లీడింగ్ క్వశ్చన్’ అంటారు. 1872 నాటి సాక్ష్య చట్టం 141వ సెక్షన్ దానిని నిర్వచించినది. 2024 జూలై 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడ దానికి స్థానం కల్పించినది. తన పక్షపు సాక్షిని విచారించేటపుడు, ఎదుటి పక్షం ఆక్షేపిస్తే, న్యాయమూర్తి అనుమతి లేనిదే అట్టి ప్రశ్న వేయరాదు; ఎదుటి పక్షపు సాక్షిని అడ్డుప్రశ్నలు వేసేటపుడు వేయవచ్చును. తోక ప్రశ్నలలో పెక్కు ఈ జాతివే. ‘ఆ రాత్రి నీవు చెరువు గట్టు మీద లేవు కదా?’ అని వకీలు అడుగుతాడు. ‘అవునండీ’ అంటాడు సాక్షి. దీనిని ఇంగ్లీషులో ‘యస్’ అని వ్రాస్తే సాక్షి గట్టు మీద ఉన్నట్లా, లేనట్లా? చేపల చెరువుల సరిహద్దుల మీద, కొల్లేటి భూముల మీద ఎన్ని వ్యాజ్యాలు నడిచాయో ఎరిగినవారికి ఈ ప్రశ్న చిన్నదిగా తోచదు. అందువల్లనే కాబోలు, మన కోర్టులలో వాంగ్మూలాన్ని వట్టి ఔను కాదులతో వ్రాసి విడిచిపెట్టరు. ‘నేను గట్టు మీద ఉన్నానంటే నిజం కాదు’ అనే పూర్తి వాక్యంగా నమోదు చేస్తారు. ఆ వాక్యం వినడానికి మొరటుగా ఉంటుంది. కాని పదేళ్ళ తరువాత చదివిన పై కోర్టుకు కూడ అనుమానం రాదు. మన ఇంగ్లీషు తరగతులు కోర్టు గుమాస్తా నుండి నేర్చుకొనవలసినది ఇదే.

ఏలూరులో చేతితో నేసిన ఉన్ని తివాసీలకు దూరదేశాలలో పేరున్నది. పారశీక నేతగాండ్రు తెచ్చిన విద్యగా పెద్దలు దానిని చెప్పుకొంటారు. కొనడానికి వచ్చిన విదేశీయుడు తివాసీ తిరగవేసి చూచి, ‘దీజ్ ఆరంట్ మెషీన్ మేడ్, ఆర్ దే?’ అన్నాడనుకొందాము. ‘కాదు కదా’ అన్నందుకు సంతోషించి మన నేతగాని కుమారుడు ‘యస్ సార్, యస్ సార్’ అని రెండుసార్లు అంటాడు. నెలల తరబడి వేళ్ళతో ముడులు వేసిన సరుకును యంత్రం మీద చేసినదని తానే ఒప్పుకొన్నట్లయినది! గల్ఫు దేశాలకు పోయే మన సోదరీమణుల సంగతి కూడ ఇట్టిదే. ఈ గోదావరి జిల్లాల నుండి ఇంటి పనులకై కువైటు, మస్కటు మొదలైన చోట్లకు పోయినవారు ఎందరో ఉన్నారు. ‘నీకు మందులు ఏవీ పడకపోవడం లేదు కదా?’, ‘నీమీద కేసులేమీ లేవు కదా?’ అని ఇంగ్లీషులో అడిగితే, ఉన్నమాట చెప్పబోయి లేనిమాట చెప్పివచ్చే ప్రమాదం ఉన్నది. పెనిసిలిన్ పడనివారు ‘నో’ అన్నా, పడేవారు ‘యస్’ అన్నా, దాని ఫలితం శరీరం మీదనే కనిపిస్తుంది.

దీనికి తోడు మన సంస్కారం ఒకటి అడ్డు వస్తున్నది. పెద్దల మాటకు ‘కాదు’ అని ముఖాముఖి అనడానికి మన పిల్లలకు నోరు రాదు. ఇది నిందించవలసిన గుణం కాదు. కాని తోక ప్రశ్న స్వభావమే ఆమోదం కోరడం. దానికి వినయం తోడైతే సమాధానం ముందే నిశ్చయమైపోతుంది. పాఠం ముగించి ‘యూ హావ్ అండర్‌స్టుడ్, హావంట్ యూ?’ అని అడిగే అధ్యాపకునికి తరగతి అంతా ముక్తకంఠంతో ‘యస్ సార్’ అంటుంది. ‘యూ హావంట్ అండర్‌స్టుడ్, హావ్ యూ?’ అని విసుక్కొని అడిగినా అదే ‘యస్ సార్’. మొదటిది మర్యాద, రెండవది నిజం. వినేవారికి మాత్రం రెండూ ఒకటే. అధ్యాపకులు నన్ను మన్నింతురు గాక, పాఠం తెలిసినదో లేదో కనుగొనడానికి తోక ప్రశ్నకు మించిన పనికిమాలిన సాధనం మరొకటి లేదు. ‘ఏమి అర్థమైనదో చెప్పు’ అని అడిగిననాడు తెలుస్తుంది.

కళాశాల పాలకవర్గం వారికి నా విన్నపం స్వల్పమైనది. విశ్వవిద్యాలయపు ప్రశ్నాపత్రం మన చేతిలో లేదు. కళాశాలలో జరిగే పరీక్షలు మన చేతిలోనివే. వాటిలో ట్యాగ్ చేర్చే ప్రశ్నకు ప్రక్కనే, ట్యాగుకు సమాధానం చెప్పే ప్రశ్న ఒకటి ఉండవలెను. అది వ్రాతలో కాక నోటితో జరిగితే మరింత మేలు. ఇంగ్లీషు అధ్యాపకులు ఈ ఒక్క పాఠానికి ఉర్దూ, తెలుగు అధ్యాపకులను తరగతికి ఆహ్వానించవలెనని కూడ కోరుతున్నాను. ‘బలా’కూ ‘నఅమ్’కూ గల తేడా వారు చెప్పగలరు, ‘అవును’కూ ‘రాకేం’కూ గల తేడా వీరు చెప్పగలరు. రెండు మాతృభాషలు ఒకే కప్పు క్రింద ఉన్న కళాశాలకు ఇది ఇతరులకు లేని సౌకర్యం. హైదరాబాదులో 1958లో స్థాపితమై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఆంగ్ల సంస్థలో శిక్షణ పొందినవారు మన ప్రాంతంలో ఉన్నారు; వారిలో ఒకరిని ఏడాదికి ఒకసారి పిలిచినా చాలును.

అభ్యాసం చేసే విధానం కూడ చెబుతాను. ఇద్దరు విద్యార్థులు ఎదురెదురుగా నిలబడవలెను. ఒకడు ఒకే సంగతిని రెండు విధాలుగా అడగవలెను: ‘యూ లివ్ ఇన్ కైకలూరు, డోంట్ యూ?’ అని ఒకసారి, ‘యూ డోంట్ లివ్ ఇన్ కైకలూరు, డూ యూ?’ అని ఒకసారి. రెండవవాడు కైకలూరువాడైతే రెండింటికీ ‘యస్, ఐ డూ’. భీమడోలువాడైతే రెండింటికీ ‘నో, ఐ డోంట్’. వట్టి ‘యస్’, వట్టి ‘నో’ చెల్లదు. వెంట క్రియ రానిచో సమాధానం చెప్పనట్లే లెక్క. ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అనే మన అలవాటు ఇక్కడ అక్కరకు వస్తుంది. ఒకవేళ తొందరలో ‘యస్’ తప్పు పడినా, వెనుక వచ్చే ‘డిడంట్’ వినేవానిని హెచ్చరిస్తుంది. అతడు మరల అడిగి తెలుసుకొంటాడు. కొల్లేటి గట్టు మీది యువకుడు ‘యస్ సార్, ఇట్ హ్యాజంట్ క్రాస్డ్’ అని ఉంటే వ్యాకరణం చెడేది, పడవలు మాత్రం రేవులోనే ఉండేవి.

ఇందుకు అదనపు ఖర్చు ఏమీ లేదు. శుక్రవారం నమాజు అనంతరం జరిగే మొదటి పీరియడులో పది నిమిషాలు కేటాయించి, రానున్న విద్యాసంవత్సరంలో ప్రథమ సంవత్సర విద్యార్థులతో ప్రారంభించవచ్చును.